పంపుకు ముందు ఫిల్టర్

ఇర్యా కుదురుగా కూర్చోగా చూశామని చెప్పేవాళ్లు మా ఊరు కోర్పిమాలో ఒక్కరు కూడా దొరకరు. చర్చికి వెళ్తే ఆఖరి బెంచీలో అంచునే కూర్చుంటుంది, మధ్యలో లేచిపోవడానికి వీలుగా. కాఫీ నిలబడే తాగుతుంది. టీవీలో వార్తలు వస్తుంటే తడిగుడ్డ పట్టుకుని ఆ టీవీనే తుడుస్తుంది, వార్తలు చదివే అమ్మాయి మొహం మీదుగా. ఆవులున్నన్నాళ్లూ ఆ కాళ్లకు పని ఉండేది. కొట్టంలోకి, పాలగదిలోకి, మళ్లీ కొట్టంలోకి. ఆవుల్ని అమ్మేశారు కానీ కాళ్లను అమ్మలేరు కదా, అవి ఆమె దగ్గరే ఉండిపోయాయి.

అలాంటి మనిషి ఆ గురువారం పొద్దున పట్నంలో కారు సామాన్ల కొట్లో కౌంటరు ముందు కదలకుండా నిలబడిపోయింది. కౌంటరు మీద మూడు పెట్రోలు ఫిల్టర్లు ఉన్నాయి. ఒకదానిలో స్టీలు జల్లెడ, కన్నాలు కాస్త పెద్దవి. రెండోది బరువైన అల్యూమినియం డబ్బీ, లోపల సన్నటి వడపోత. మూడోది చవకరకం ప్లాస్టిక్ బుడ్డి. లోపల మడతలు మడతలుగా కాగితం, మనం కాఫీ వడకట్టుకునే కాగితం లాంటిదే.

"పంపు కొత్తదా?" అడిగాడు కొట్టు మనిషి.

"కొత్తదే. కరెంటుతో నడిచేది. టర్బో ఇంజనుకి సరిపడేది మా ఆయన ఔలిస్ ఎక్కణ్ణుంచో తెప్పించాడు."

"అలాంటి పంపు తొయ్యమంటే కొండనైనా తోస్తుంది. పీల్చమంటేనే దానికి చేతకాదు. అందుకని ట్యాంకుకీ పంపుకీ మధ్య ఈ స్టీలు జల్లెడ పెట్టుకో. తుప్పు, ఇసక ఆపితే చాలు. సన్నది పంపు దాటాక పెట్టు, ఇంజను ముందర. అక్కడ పంపు వెనకనుంచి తోస్తుంది కాబట్టి ఎంత సన్నదాంట్లోంచైనా దూరుతుంది."

"మరి ఈ కాగితంది?"

"అది చర్చికీ కిరాణా కొట్టుకీ తిరిగే చిన్న బండికి. దాన్ని నీ పంపు ముందు పెట్టావంటే గొంతు మీద కాలేసినట్టే. మెల్లగా తోలినంతసేపూ బానే ఉంటుంది. ఆక్సిలేటర్ అడుగుదాకా తొక్కు, అప్పుడు చూడు. పంపు కీచుమంటుంది, ఇంజనుకి పెట్రోలందదు, దగ్గుతుంది. అప్పటికీ కాలు తియ్యకపోతే పిస్టన్ కరిగి చేతికొస్తుంది."

"తెలుసు."

"తెలిస్తే నన్నెందుకు అడిగావ్?"

"తెలిసిందే ఇంకొకళ్ల నోట వింటే మనసు మారుతుందేమోనని."

ఆయనకు అర్థం కాలేదు, నవ్వి ఊరుకున్నాడు. ఇర్యా మూడూ సంచీలో వేయించుకుని బయటికొచ్చింది. బయటికొచ్చాక గానీ కాళ్లు మళ్లీ పనిచెయ్యలేదు.

తెలియకేం? జీవితమంతా పాలు వడకట్టిన చెయ్యి అది. పాల యంత్రంలోనూ ఇదే న్యాయం, సన్న బట్ట పంపు దాటాకే ఉంటుంది. అందుకే మొదటినుంచీ వాళ్లింట్లో పని అలా పంచుకున్నారు. ఇంజను ఔలిస్‌ది, కారులో పారేదంతా ఇర్యాది. పెట్రోలు, ఆయిలు, నీళ్లు, బ్రేకు ద్రవం. ఆమె బిగించిన గొట్టాన్ని ఆయన ఒక్కనాడూ తిరిగి చూడలేదు.

మా పొహ్యన్మా ప్రాంతంలో వేసవి వచ్చిందంటే ప్రతి కంకర గుంటలోనూ జోక్కిస్ పందేలే. పాత కారులోంచి సీట్లూ అద్దాలూ పీకేసి, లోపల ఇనపగొట్టాల పంజరం బిగించి, మట్టిలో గుండ్రంగా తిప్పడం. అందులో ఒక రూలుంది. పందెం అయ్యాక పందేల లైసెన్సున్న ఎవరైనా సరే, ఏ కారునైనా సరే, రూలులో రాసిన ఒక్కటే ధరకి అడగొచ్చు. అడిగితే ఇచ్చి తీరాలి. ఎక్కువమంది అడిగితే చీటీలు తీస్తారు. ఇవ్వనంటే లైసెన్సు పోతుంది, దానికన్నా ముందు ఊళ్లో పరువు పోతుంది. డబ్బున్నవాడు బంగారంలాంటి కారు కట్టుకుని అందరి మీదా గెలవకుండా పెట్టిన రూలు. పెట్టుకో నాయనా బంగారం, సాయంత్రానికి అది పక్క ఊరివాడి షెడ్డులో ఉంటుంది. అందుకే తెలివైనవాళ్లు డొక్కు కారుతో తిరుగుతారు.

ఔలిస్ తెలివైనవాడు కాదు. ఇర్యా మొగుడు కాబట్టి అనొచ్చో లేదో గానీ ఊరంతా అనేదే. నలిగిపోయిన ఒక మంచి టర్బో కారులోంచి ఇంజను తీసి తన పాత సాబ్ కారులో పెట్టాడు. దానికి నాలుగు చలికాలాలు పట్టింది. "దొంగకి తాళంచెవి చేసిస్తున్నావ్" అని అందరూ వెక్కిరించారు. పాత పంపు బలహీనమైంది కాబట్టి ఇన్నాళ్లూ ఆ ఇంజను సగం గొంతుతోనే పాడింది, కారు ఎప్పుడూ మధ్యలో ఎక్కడో వచ్చేది, ఎవరూ అడగలేదు. ఈ ఏటి ఆఖరి పందేనికి ఔలిస్ కొత్త పంపు తెప్పించాడు. గెలవడానికి. వాళ్ల హాల్లో అలమర మీద రెండో కప్పులున్నాయి, మూడో కప్పులున్నాయి. ఒకదాంట్లో ఇర్యా బట్టల క్లిప్పులు వేస్తుంది. మొదటి కప్పు లేదు.

ఔలిస్ చెడ్డవాడు కాడు, అది కూడా చెప్పాలి. మాట్లాడడు, అంతే. మా వైపు మగవాళ్లు మాటల్ని పొయ్యిలోకి దాచుకున్న కట్టెల్లా చూసుకుంటారు, చలికాలానికి చాలవేమోనని. తీరా చలికాలం వస్తే అప్పుడూ తియ్యరు! ఔలిస్‌కు మాత్రం ఒక మినహాయింపుంది. చేతిలో స్పానర్ ఉండి, వీపు కింద షెడ్డు నేల ఉండి, మొహం కనపడకుండా కారు కింద పడుకుంటే ఆయనకు నోరు పెగులుతుంది. ఇర్యా పక్కన వంగి దీపం పట్టుకునేది. వాళ్లమ్మ పోయినప్పుడు తను ఏడవలేకపోయిన సంగతి, పెళ్లికి ముందు ఇంకో అమ్మాయిని ఇష్టపడిన సంగతి, ఆవులు లారీ ఎక్కిన రోజు కొట్టం వెనక్కి పోయి వాంతి చేసుకున్న సంగతి, అన్నీ ఆ నాలుగు చలికాలాల్లో, ఆ సాబ్ కింద నుంచే వింది. ఎంత చలైనా, వేళ్లు కొంకర్లు పోతున్నా, ఆమె కాళ్లు అక్కడ మాత్రం కుదురుగా ఉండేవి.

ఆగస్టులో ఒకరోజు ఆ కారు కిందనుంచే అన్నాడు. "ఇదే ఆఖరుది, ఇర్యా. ఇది పోతే ఇంకోటి కట్టను. మోకాళ్లు ఒప్పుకోట్లేదు. షెడ్డుకి తాళం వేసేస్తా." అని, పది నంబరు స్పానరు అడిగాడు. ఆమె పన్నెండు నంబరుది ఇచ్చింది.

ఆ రోజునుంచి ఆమెకు నిద్ర లేదు, కూర్చోవడం ఎలాగూ లేదు. ఇందులో తికమక ఏమీ లేదు. గెలిస్తే కారు పోతుంది. కారు పోతే షెడ్డుకు తాళం. షెడ్డుకు తాళం పడితే నవంబరునుంచి ఏప్రిల్‌దాకా వంటింట్లో రెండు కుర్చీలు, ఒక గడియారం. గెలవకపోతే కారు ఇంటికొస్తుంది, చలికాలం మళ్లీ బతుకుతుంది. కానీ గెలవకపోతే ఔలిస్ గెలవడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండింటి మధ్య నిలబడి ఆమె గురువారం బఠానీ పులుసు మాడ్చింది. ఔలిస్ మాడిన పులుసును రై రొట్టెతో తిని, గిన్నె సింకులో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లాడు. ఏదన్నా అంటే బాగుండేది.

శుక్రవారం షెడ్డులో ఆయన ఇంజను దగ్గర, ఈమె వెనక ట్యాంకు దగ్గర.

"తెచ్చావా?"

"తెచ్చా."

"సరిపోయాయా?"

"చూస్తున్నా."

"సరే. నేను చూడక్కర్లేదుగా." అది ప్రశ్న కాదు, మామూలు మాట. ఆ మాటకు ఇర్యా గుండెలో ముల్లు దిగింది.

సన్నదాన్ని పంపు దాటాక సరిగ్గానే బిగించింది. ఇక పంపుకు ముందుది. స్టీలు జల్లెడ పెట్టింది. క్లిప్పు బిగించింది. లేచి వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టి, తాగకుండా తిరిగొచ్చి జల్లెడ తీసేసింది. కాగితం బుడ్డి పెట్టింది. పెరట్లోకి వెళ్లి రాలిన బర్చ్ చెట్ల ఆకుల్ని ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఊడ్చింది. పొలం మీద కొంగలు గుంపుగా చేరి దక్షిణానికి పోవాలా వద్దా అని గోల చేస్తున్నాయి. మళ్లీ వచ్చి బుడ్డి తీసి జల్లెడ పెట్టింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎన్నిసార్లు వంగి లేచిందో ఆ నడుముకే తెలియాలి. కాలుకాలిన పిల్లి నయం.

"ఏంటే ఆ తిరుగుడు?" ఔలిస్ బానెట్ కిందనుంచి తలెత్తాడు.

"కాళ్లు లాగుతున్నాయి."

"కూర్చో మరి."

"కూర్చుంటే ఇంకా లాగుతాయి."

ఆయన తల మళ్లీ లోపలికి పెట్టాడు. షెడ్డు మూసే వేళకు పంపు ముందు ఉన్నది కాగితం బుడ్డి. జల్లెడ ఆమె కోటు జేబులో ఉంది.

శనివారం కంకర గుంట దగ్గర జనం బాగానే చేరారు. కాల్చిన సాసేజీ వాసన, పెట్రోలు వాసన, తడి మట్టి. తౌనో అప్పటికే నాలుగో సాసేజీ మీద ఉన్నాడు. తౌనో పక్క ఊరివాడు, పందుల ఫారం ఉంది, గొంతు కొట్టం అవతలికి వినపడేలా ఉంటుంది. మంచి కారు కనపడితే అడక్కుండా ఉండలేడు, తన మంచి కారు ఎవడైనా అడిగితే నవ్వుతూ ఇచ్చేస్తాడు.

"ఏం ముసలోడా, ఇవాళ గెలుస్తావంటగా?" అన్నాడు ఔలిస్‌తో, మూతికి ఆవాలముద్ద అంటించుకుని.

"చూద్దాం."

"గెలువు గెలువు. గెలిస్తే బండి నాది. మా ఆవిడకి ఇప్పుడే చెప్పొచ్చా, షెడ్డులో జాగా చెయ్యమని."

"మీ ఆవిడ నీకే జాగా ఇవ్వట్లేదని విన్నా" అంది ఇర్యా.

తౌనో పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఔలిస్, నీ మాటలన్నీ ఈవిడే వాడేసుకుంది కదరా!"

మొదటి రౌండ్లలో ఔలిస్ కారును సగమే తొక్కాడు, ముందే పళ్లు బయటపెట్టేరకం కాదు. సగం తొక్కితే కాగితం కూడా సరిపోతుంది. సాబ్ నెమ్మదిగా, సాఫీగా తిరిగి ఫైనల్‌కు చేరింది. ఇర్యా కట్ట మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. పక్కావిడ మంకి, అదే పంచదార అద్దిన డోనట్, తినమని కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ పంచదార ముద్దను నలిపి నలిపి కోటంతా చక్కెర చేసుకుంది.

ఫైనల్‌కు ముందు కాస్త విరామం. కారు ట్రెయిలరు పక్కన ఆగి ఉంది. ఔలిస్ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని బకెట్ మీద కూర్చున్నాడు. ఆయన మొహం ఎర్రగా, కుర్రతనంగా ఉంది. ఇర్యా ఆయన్ని అలా చూసి చాలా కాలమైంది.

"ఇర్యా."

"ఏంటి?"

"ఇవాళ అవుతుందనిపిస్తోంది."

అంతే అన్నాడు. కారు కింద పడుకోకుండా, స్పానర్ లేకుండా, మొహం చూస్తూ అన్నాడు. "ఒకసారి వెనక గొట్టం చూసొస్తా" అని ప్లయరు తీసుకుని కారు వెనక్కి దూరింది. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది. ఒక క్లిప్పు వదులు చేసింది. పెట్రోలు వేళ్ల మీదికి కారింది, చల్లగా. జేబులోంచి జల్లెడ తీసి పళ్ల మధ్య పట్టుకుంది.

అప్పుడే అవతల ఎవరో ఔలిస్‌ను పలకరించారు. ఆయన జవాబు కారు రేకు మీదుగా స్పష్టంగా వినపడింది. "ఆ, ఇదే ఆఖరు. బండి పోతే పోనీ. గెలిచాక ఇక షెడ్డులో నాకేం పని?"

ఇర్యా పళ్ల మధ్యనుంచి జల్లెడ తీసి జేబులో వేసుకుంది. క్లిప్పు తిరిగి బిగించింది, అవసరానికన్నా గట్టిగా. నీకేం పనా? నీకేం పని ఉందో నీకు తెలియదట్రా ముసలోడా! కళ్లనిండా నీళ్లొచ్చాయి. పెట్రోలు వాసనకని సర్దుకుని కట్ట ఎక్కింది.

ఫైనల్లో ఔలిస్ మూడో చుట్టులోనే ముందుకొచ్చాడు. వెనకాలే తౌనో. జనం లేచి నిలబడ్డారు. ఆ సాబ్‌లో అంత కారుందని ఎవరికి తెలుసు? మూలల్లో అది నేలకు అతుక్కుని తిరుగుతోంది. ఇర్యా చేతులు రెండూ జేబుల్లో, కుడిచేతిలో ఆ జల్లెడ. ఆఖరి చుట్టు. ఆఖరి మూల తిరిగి నిటారు దారి మీదికి వచ్చాక ఔలిస్ కాలు అడుగుదాకా వేశాడు.

కీచుమని సన్నగా వినపడింది. ఇంతమంది అరుపుల్లో ఇంకెవరికీ వినపడి ఉండదు, ఆమెకు వినపడింది. సాబ్ ఒకసారి ఊగింది, రెండోసారి దగ్గింది. కాలు తియ్యి ఔలిస్, తియ్యి, ఇంజను కాలిపోతుంది, అని ఆమె గట్టిగానే అరిచింది. పక్కవాళ్లు తొక్కు తొక్కు అని అరుస్తున్నారు. ఔలిస్ కాలు తీశాడు. ఆయనా విన్నాడు కాబోలు. తౌనో పక్కనుంచి దూసుకుపోయాడు, వాడి వెనకాల ఇంకొకడు, ఇంకొకడు. ఔలిస్ నాలుగోవాడుగా గీత దాటాడు.

ఆమె కోరుకున్నదే జరిగింది. కారు నిలిచింది, ఇంజను నిలిచింది, దగ్గే బండిని ఎవరూ అడగరు. ఔలిస్ కారు దిగి, హెల్మెట్ తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో భుజం తట్టారు. "ఊపిరాడలేదు దానికి. ట్యాంకులో చెత్త ఉందేమో" అన్నాడు ఔలిస్. ఇర్యా వైపు చూశాడు, చూపులో అనుమానం లేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఆమె నోరు మూసుకుని ట్రెయిలరు పలకలు దించడం మొదలుపెట్టింది. ఇంటికి పోదాం. త్వరగా పోదాం. ఆవిరి స్నానానికి సౌనా వేడి చేస్తాను, వెన్నతో చేప కాలుస్తాను, వచ్చే చలికాలం పంపు గొట్టం మొత్తం నా చేత్తో మార్చి, పై ఏడు గెలిపిస్తాను. అలా లోపల లోపల బేరాలాడుకుంటోంది.

లౌడ్‌స్పీకరు గరగరమంది. ఏ కారుకు ఎంతమంది అడిగారో చదువుతున్నారు. గెలిచిన తౌనో కారుకు బోలెడుమంది, చీటీ తీశారు, ఎవరో కుర్రాడికి తగిలింది. రెండో కారుకు ముగ్గురు. తర్వాత ఔలిస్ పేరు వినపడింది. ఒక్కరు అడిగారు. తౌనో.

ఇర్యా చేతిలోని పలక జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

తౌనో వచ్చాడు, ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో సాసేజీ. "ఏం చెయ్యమంటావ్ ఔలిస్? గెలిచినందుకు నా బండిని లాక్కుపోయారు. నాకూ ఒకటి కావాలిగా!"

"దగ్గే బండి ఎందుకు నీకు?" ఇర్యా గొంతు కీచుగా వచ్చింది.

"దగ్గా? నేను దాని తోక పట్టుకుని వచ్చినవాణ్ణి. ఇంజను దగ్గలేదు ఇర్యా. దాహమేసింది దానికి. బంగారంలాంటి ఇంజను, ఎక్కడో గొంతు పట్టేసింది. అందరూ జబ్బు బండి అనుకున్నారు, చీటీ కూడా లేకుండా నా ఒళ్లో పడింది. ఔలిస్ గెలిచుంటే ఇరవైమంది అడిగేవాళ్లు, నా మొహానికి వచ్చేదా?" అంటూ అక్కడే నేలమీద వంగి, కారు వెనక తల దూర్చాడు. ఆ భారీ శరీరం కాసేపు అటూ ఇటూ కదిలింది. తర్వాత లోపలనుంచి కొట్టం దాటే ఆ గొంతు వినపడింది. "కాగితం! ఓరి నాయనో, పంపుకి ముందు కాగితం! ఈ పని చేసిన మహానుభావుడెవడు?"

తౌనో తల బయటికి తీశాడు. ఔలిస్‌ను చూశాడు, ఇర్యాను చూశాడు, ఇక సాసేజీ కొరకలేదు.

కారులో పారేదంతా ఎవరిదో ఆ మైదానంలో ఔలిస్‌కు ఒక్కడికే తెలుసు. ఆయన మెల్లగా తల తిప్పాడు. ఇర్యా జేబులో చెయ్యి పెట్టింది, చక్కెర అంటిన స్టీలు జల్లెడ తీసి తౌనో చేతిలో పెట్టింది.

"ఇది పెట్టుకో. పంపు దాటాక ఉన్నది సరిగ్గానే ఉంది."

"ఇది నీ జేబులో..." అని మొదలుపెట్టి తౌనో ఆపేశాడు. జీవితంలో ఆ మనిషి సగంలో మాట ఆపిన సందర్భం అదొక్కటే అయి ఉండాలి. టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, "కాయితాల మీద సంతకం పెట్టొస్తా" అని వెళ్లిపోయాడు.

రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ ఇర్యా పరిస్థితి. గెలుపూ పోయింది, కారూ పోయింది. ఆ రెండూ పోగొట్టింది తనే, ఆ సంగతి ఔలిస్‌కు తెలిసింది.

ఇంటిదారిలో వెనకాల ఖాళీ ట్రెయిలరు ప్రతి గతుకుకూ ఎగిరెగిరి పడుతోంది. ఔలిస్ వ్యాను నడుపుతున్నాడు. కోసేసిన పొలాలు, బూడిదరంగు గడ్డి కొట్టాలు, మళ్లీ పొలాలు. ఆయన మాట్లాడలేదు. ఇదిగో, ఇదే, అనుకుంది ఇర్యా. దేనికి భయపడ్డానో అది నవంబరుదాకా కూడా ఆగలేదు, ఇవాళే వచ్చి మా మధ్య సీట్లో కూర్చుంది. ఆమె కాళ్లు వ్యాను నేలను టపటపా కొడుతున్నాయి.

"ఎప్పుడు పెట్టావ్?" అన్నాడు ఔలిస్.

"నిన్న."

"తెలిసే?"

"తెలిసే."

పాల సేకరణ కేంద్రం దాటారు. అప్పుడు మొదలుపెట్టాడు. మెల్లగా కాదు, ఒక్కసారిగా, చేత్తో స్టీరింగును కొడుతూ. "నేను చూడక్కర్లేదుగా అన్నా! అన్నానా లేదా? ఇన్నేళ్లలో నీ గొట్టం ఒక్కటి తిరిగి చూశానా? ఊరంతా నన్ను వెధవంటే అననీ, నా పెళ్లాం చేతికి పని అప్పగించి కళ్లు మూసుకునేవాణ్ణి! ఆ మూల తిరిగినప్పుడు ఏమనుకున్నానో తెలుసా? ఇర్యా చూస్తోంది అనుకున్నా! చూస్తోందట! పిస్టన్ కరిగి ఉంటే? నేను కాలు తియ్యకపోయుంటే?"

"తీస్తావని తెలుసు."

"తెలుసట! అన్నీ తెలుసు ఈవిడకి! ఎందుకు చేశావ్? చెప్పు! నేను గెలిస్తే నీదేం పోయింది?"

"నువ్వు పోతావు!" ఇర్యా కూడా అరిచింది. "ఆ షెడ్డుకి తాళమేస్తే నువ్వు నోరు విప్పేదెక్కడ? వంటింట్లోనా? నీకు పక్కన మనిషున్నానని గుర్తొచ్చేది ఆ కారు కిందే! నవంబరునుంచి ఏప్రిల్‌దాకా నీ వీపు చూస్తూ కూర్చోలేను ఔలిస్! నాకు భయమేసింది! చచ్చేంత భయమేసింది!"

"ఆ మాట నాతో అనొచ్చుగా!"

"అంటే నువ్వేమంటావు? ఊఁ అంటావు!"

"ఊఁ అంటే అవుననేగా!"

"దేనికి అవును? చస్తే చావమనీ ఊఁ, కాఫీ కావాలన్నా ఊఁ, మా అమ్మ పోయిందని చెప్పినా ఊఁ! ఏ ఊఁ ఏదో నాకెలా తెలియాలి, జల్లెడలో పోసుకుని వడకట్టుకోనా?"

"నీకు మాత్రం నోరు లేదా? ఇల్లంతా తిరుగుతావు! గిరగిరా తిరుగుతావు! ఒక్కరోజు నా ఎదురుగా కూర్చున్నావా? లేచిపోయే మనిషితో ఏం మాట్లాడను? కారు కింద పడుకుంటే నువ్వు దీపం పట్టుకుని కదలవు కాబట్టి మాట్లాడాను!"

ఈ మాట ఇర్యాకు ఎప్పుడూ తట్టలేదు. కాళ్లు ఆగిపోయాయి.

"ఇంకా ఉంది" అన్నాడు ఔలిస్, ఎర్రబడిన మొహంతో. "ఆ పులుసు. గురువారం పులుసు. మాడిపోయింది!"

"తిన్నావుగా!"

"తిన్నా! మాడినా తిన్నా!"

"అప్పుడే అనాల్సింది!"

"ఇప్పుడంటున్నా!"

చర్చి గోపురం వచ్చింది, పోయింది. పోస్టు డబ్బాల వరస వచ్చింది, వాళ్ల ఆకుపచ్చ డబ్బా కూడా, దాని పక్కనే వాళ్లింటికి తిరిగే మట్టిదారి. ఔలిస్ వేగం తగ్గించలేదు. కప్పుల గురించి, వాటిలో వేసే బట్టల క్లిప్పుల గురించి మొదలుపెట్టి ఉన్నాడు. మలుపు దాటిపోవడం ఇర్యా చూసింది. ఆయన చూడటమూ చూసింది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆమె సీట్లో వెనక్కి ఆనుకుని, కదలకుండా కూర్చుని, "క్లిప్పులకేమొచ్చింది?" అంది.